లేని ఇళ్ళ బొమ్మ

అమీర్ జాన్‌కి అసూయ కొత్త కాదు. ప్రొద్దుటూరులో ఉన్న రోజుల్లో పక్క వీధి పెయింటరు కొత్త సైకిలు కొన్నాడని ఒక పూట అన్నం మానేసిన మనిషి. కానీ అదంతా చిల్లర అసూయ. మనిషిని లోపల్నుంచి చెదపురుగులా తొలిచే అసలు సరుకు అతనికి నలభై దాటాక దొరికింది. దుబాయ్ అల్ ఖూజ్‌లో, బోర్డులు రాసే రేకుల షెడ్డులో, మాటకొకసారి "ఆయ్" అనే మనిషి రూపంలో.

అతని బతుకంతా అక్షరాలే. తండ్రి లారీలకు రంగులు వేసేవాడు. కొడుకు లారీ వెనక రాతలతో మొదలుపెట్టి, కిరాణా కొట్ల బోర్డులు, ఎన్నికల గోడలు దాటుకుంటూ దుబాయ్‌లో తేలాడు. ఊళ్ళో రాసిన ప్రతి బోర్డుకీ కింద కుడి మూలన చిన్నగా 'జాన్ ఆర్ట్స్' అని ఉండేది. బోర్డు రాసేవాడికి అది మీసం లాంటిది. దుబాయ్‌లో ఆ మీసం గొరిగేశారు. ఇక్కడ బోర్డు మీద కొట్టు పేరు ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది. రాసినవాడెవడో ఎవడికీ అక్కర్లేదు. కాపురమున్న షార్జా రోలాలో సగం లాండ్రీల మీద, జ్యూస్ షాపుల మీద, సెలూన్ల మీద ఉన్నవి అతని అక్షరాలే. చిన్నప్పటి మదర్సా పుణ్యమా అని అరబ్బీ చదవనూ వచ్చు, రాయనూ వచ్చు. ఇంగ్లీషు, మలయాళం నమూనా చూపిస్తే చుక్క పొల్లు పోకుండా దించుతాడు. శుక్రవారం సాయంత్రం భార్య తస్లీమాతో బజారుకి వెళితే ఒక్కొక్క బోర్డూ ఆగి చూపించేవాడు.

"ఔనబ్బా, పోయిన వారం గూడా చూపించినావు. ఉల్లిగడ్డలు తీసుకుందాం పా," అనేది ఆమె.

రెండువేల నాలుగులో షెడ్డుకి ఫ్లెక్సు మిషను వచ్చింది. అమీర్ జాన్ వారమంతా చేసే పనిని అది ఒక్క పూటలో ఊడ్చి పారేసేది, మధ్యలో టీ కూడా అడక్కుండా. అతని చేతిలోంచి కుంచె తీసుకుని నిచ్చెన ఇచ్చారు. ఫ్లెక్సుని ఫ్రేముకి లాగి బిగించడం పని. తాను రాసిన బోర్డునే ఊడదీసి, దాని మీద ఫ్లెక్సు బిగించిన రోజులు కూడా ఉన్నాయి. సరిగ్గా ఆ మంట మీద ఉప్పు చల్లడానికన్నట్టు అంజిబాబు దిగాడు.

అంజిబాబుది కోనసీమ. గోడలకు రంగులేసే పనికి వీసా మీద వచ్చాడు. కానీ వాళ్ళింట్లో తాతల కాలం నుంచి నాటకాల తెరలు రాసేవాళ్ళు. దర్బారు తెర, వీధి తెర, అడవి తెర. రంగుపొడిలో వజ్రం బంక కలిపి, నీళ్ళలా పల్చన చేసి, గుడ్డ మీద రాజమహళ్ళు పుట్టించడం వాళ్ళ విద్య. ఆ మహలుకి స్తంభాలు మైసూరువి, కిటికీలు పక్కూరి జమీందారు మేడవి, మిగతాదంతా తాత బుర్రలోంచి వచ్చినది. ఆ అలవాటు మనవడికీ వచ్చింది. టీ తాగేటప్పుడు అట్టపెట్టె చింపి ఏవేవో మేడలు గీసేవాడు. ఒకరోజు ముదీర్ చూశాడు. ముదీర్ అంటే షెడ్డు మేనేజరు, త్రిశూర్ మనిషి, మెచ్చుకోవడం అనే జబ్బు లేనివాడు. అలాంటివాడు ఆ అట్టముక్కని తన టేబులు మీద పెట్టుకున్నాడు. అమీర్ జాన్ నిచ్చెన మీంచి అది చూశాడు. ఆ రోజు బిగించిన ఫ్లెక్సు వంకర పోయింది.

కొన్నాళ్ళకి ఒక ముసలి అర్బాబ్ షెడ్డుకొచ్చాడు. అర్బాబ్ అంటే యజమాని. ఎడారిలో విల్లాలు కడుతున్న కంపెనీ ఆయనది. బొంబాయితో ముత్యాల బేరం చేసిన కుటుంబం కాబట్టి హిందీ గడగడా మాట్లాడతాడు.

"లండన్‌లో ఒక హోటలు గోడ మీద నీళ్ళరంగుల బొమ్మ చూశాను," అన్నాడు. "నది, కోట, వంతెన. కోట నాకు తెలుసు, వెళ్ళి చూసినదే. వంతెన ఎక్కడుందని అడిగితే అలాంటిది లేనే లేదన్నారు. పెయింటరు కల్పించాడట. ఉన్నది ఎక్కడ అయిపోయింది, లేనిది ఎక్కడ మొదలైంది అని చాలాసేపు వెతికాను. దొరకలేదు. అలాంటిది నాకూ కావాలి. మన ఖోర్ పాయ ఒడ్డు, గాలి గోపురాల పాత ఇళ్ళు, వాటి వెనక నా విల్లాలు."

ఆయన విల్లాలు అప్పటికి ఇసుకలో పాతిన కర్రలు మాత్రమే. లేని ఇళ్ళు అమ్ముకునేవాడికి అలాంటి బొమ్మే కావాలి మరి.

వెళ్ళబోతూ ఇంకో మాట అన్నాడు. "లండన్ బొమ్మలో మూలన పెయింటరు పేరుంది. ఇందులోనూ ఉండాలి."

ఆ మాటతో అమీర్ జాన్ నిచ్చెన దిగేశాడు. ఇన్నేళ్ళ తర్వాత ఈ దేశంలో ఒక మూలన తన పేరు! అది తప్ప ఇంకేదీ వద్దనిపించింది.

నమూనా ఇద్దరూ వేయండి, అర్బాబ్ ఎంచుకుంటాడు అన్నాడు ముదీర్. సెలవు రోజు అమీర్ జాన్ బర్ దుబాయ్ వెళ్ళి పాత ఇళ్ళ ముందు కూర్చున్నాడు. ఒంటి కన్ను మూసి, బొటనవేలూ పెన్సిలూ ఎత్తి కొలతలు తీసుకున్నాడు. గదుల్లోకి గాలిని దింపే ఆ గోపురాల్లో ఒక్కొక్క చీలికా లెక్కపెట్టి గీశాడు. అంజిబాబు కూడా వెళ్ళాడు. పడవెక్కి ఖోర్‌లో అటూ ఇటూ తిరిగాడు, పల్లీలు తిన్నాడు, వచ్చేశాడు.

"ఏం రా, గీసుకోలేదా?" అన్నాడు అమీర్ జాన్.

"ఆయ్, గాలి బాగుందండి గురువుగారూ," అన్నాడు అంజిబాబు.

అర్బాబ్ ముందుగా అమీర్ జాన్ బొమ్మ పట్టుకున్నాడు. "మాషా అల్లా. ఒక్క చీలిక తప్పు పోలేదు," అని పక్కన పెట్టాడు. "కెమెరా నా దగ్గర కూడా ఉంది."

తర్వాత రెండోది తీశాడు. సాయంకాలపు ఖోర్. గాలి గోపురాలు, వాటి వెనక మంచులోంచి లేస్తున్నట్టు విల్లాలు. ఒక పక్క సగం కూలిన కమాను, ఆ పగుల్లోంచి మొలిచిన చెట్టు. నీళ్ళలోకి దిగుతున్న రాతిమెట్లు. అర్బాబ్ కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈ మెట్లు ఎక్కడివి?"

"మా ఊరి రేవువండి," అన్నాడు అంజిబాబు తనకొచ్చిన హిందీలో.

"ఇక్కడ ఉండాల్సినవి," అన్నాడు ముసలాయన.

ఖలాస్. పెద్ద బొమ్మ అంజిబాబు వేస్తాడు. నిజం ఇళ్ళకి పెన్సిలు గీతలు మాత్రం అమీర్ జాన్ వేసి పెడతాడు. మూలన పేరు అంజిబాబుది.

ఆ సాయంత్రం రోలాలో, నాలుగు కాపురాలు పంచుకునే ఫ్లాటులోని తమ గదిలో, అమీర్ జాన్ కంచం ముందు కూర్చుని వాగుతూనే ఉన్నాడు. కొలత తెలీదు వాడికి. నీళ్ళు ఎక్కువ పోస్తాడు. గోడలు నిటారుగా ఉండవు. మాటకి ముందు అండి, మాటకి ఎనక అండి, దొంగ వినయం.

తస్లీమా పక్కింటావిడ జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. తలెత్తలేదు. "వాడు నీ కంచంలో అన్నం తినేసినాడా?"

"నా పేరు తినేసినాడు."

"సరే గానీ, బొమ్మ ఎట్లుంది?"

అమీర్ జాన్ ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. అబద్ధం చెబుదామని నోరు తెరిచాడు, రాలేదు.

"బాగనే ఉంది," అన్నాడు. "నీయమ్మ, శానా బాగుంది."

"మంట అక్కడన్నమాట," అని ఆమె దారం కొరికింది.

మంట అక్కడే. బొమ్మ చెత్తగా ఉంటే అసూయతో పని లేదు, నవ్వుకుని పడుకోవచ్చు. పెద్ద కాగితం బల్లకి బిగించి పని మొదలయ్యాక అమీర్ జాన్‌కి ఒకటే యావ పట్టుకుంది. అతుకు ఎక్కడ? తాను గీసిన నిజం గోడ ఎక్కడ ఆగింది, వాడి అబద్ధం గోడ ఎక్కడ మొదలైంది? గీసింది తనే కాబట్టి తెలిసి తీరాలి. రంగు పడగానే తనకే తెలిసేది కాదు. ఫ్లెక్సు బిగించడం మధ్యలో వదిలేసి వచ్చి, ముక్కు కాగితానికి ఆనించి వెతికేవాడు.

"ఏవైనా పోయిందాండి?" అనేవాడు అంజిబాబు.

"నీ తలకాయ పోయింది."

"ఆయ్, అది ఎప్పుడో పోయిందండి."

ఒకరోజు చూస్తే తాను గీసిన గాలి గోపురం ఉండాల్సిన చోట లేదు. రెండిళ్ళు ఎడమకి జరిగి ఉంది. అమీర్ జాన్‌కి ఒళ్ళు మండింది.

"ఏం రా, నిజంగా ఉండే ఇంటిని జరపనీకి నువ్వెవడివి? మున్సిపాలిటీవాడివా?"

"అక్కడ ఇరుగ్గా ఉందండి, ఇక్కడ బోసిగా ఉందండి. ఇల్లుగలవాళ్ళని అడిగి జరిపాలెండి, ఏవనుకోరు."

షెడ్డంతా నవ్వింది. ముదీర్ కూడా పళ్ళు బయటపెట్టాడు. అమీర్ జాన్ నవ్వలేదు. నిజానికి గోపురం ఇప్పుడున్న చోటే బాగుంది. అది మరీ ఘోరం.

బొమ్మ దాదాపు అయిపోయింది. మర్నాడు పొద్దున అర్బాబ్ వస్తాడు. మధ్యాహ్నం అంజిబాబుని లేబర్ కార్డు పని మీద కంపెనీ బస్సులో తీసుకెళ్ళారు. ముదీర్ సైటుకి పోయాడు. షెడ్డులో ఫ్లెక్సు మిషను రొద తప్ప ఏమీ లేదు. అమీర్ జాన్ వచ్చి బొమ్మ ముందు నిలబడ్డాడు.

నమూనాలో సాయంకాలం ఉండేది. ఇందులో ఉదయం. నీళ్ళ నడుమ, మెట్ల అంచున, గోపురాల తూర్పు వైపున తెల్లగా ఖాళీలు ఉన్నాయి. ఒట్టి కాగితం. రంగు చుక్క లేదు. ఎనామెల్‌తో బతికినవాడికి ఒకటే శాస్త్రం. ముదురు ముందు, తెలుపు ఆఖరు. అక్షరానికి ఒంపు దగ్గర తెల్లటి మెరుపు పెట్టడం పెళ్ళికూతురికి దిష్టిచుక్క పెట్టడం లాంటిది, పెద్ద చెయ్యే చేయాలి. అడుగున్న రేకు బయటికి కనిపించిందంటే పనివాడు పని ఎగ్గొట్టినట్టే.

'తెలుపు పెట్టడం మర్చిపోయినాడు,' అనుకున్నాడు అమీర్ జాన్. 'పెడితే ఏం? ఈ బొమ్మలో ఎలుతురంతా నాదవుతుంది.'

తెలీక చేశాడా అంటే తెలీక కాదు. వాడు ఏ ఖాళీని ఊరికే వదలడని లోపల ఎక్కడో తెలుసు. చెడగొట్టాలని చేశాడా అంటే అదీ కాదు. ఆ కాగితం మీద పెన్సిలు కాని గీత, రంగు కింద మాయం కాని గీత ఒక్కటి తనది ఉండాలి. అంతే. గోడలకు వాడే తెల్ల ప్లాస్టిక్ పెయింటు కొంచెం పల్చన చేసి, బల్లపరుపు కుంచె ముంచి, ఖోర్ మధ్యలో పొడుగ్గా ఒక మెరుపు లాగాడు. మెట్ల కింద ఇంకోటి.

ఆరాక చూశాడు. అప్పటిదాకా కళ్ళు చికిలించేలా మెరిసిన నీళ్ళు చచ్చిపోయాయి. ఖోర్ మీద ఎవరో సున్నం బకెట్టు ఒలకబోసినట్టుంది. తడిగుడ్డ పెట్టి తుడిచాడు. సున్నం పోలేదు గానీ చుట్టూ ఉన్న నీలం లేచి వచ్చింది. ప్లాస్టిక్ పెయింటు ఆరితే దేవుడు దిగొచ్చినా ఊడదు. ఈ ముక్క అతనికన్నా బాగా ఎవరికి తెలుసు?

బల్ల మీద గుడ్డ కప్పేసి ఇంటికి పోయాడు. ఆ రాత్రి కంచంలో ఏముందో అతనికి తెలీదు. అంజిబాబు బస్సు దిగి నేరుగా కూలీల క్యాంపుకే వెళ్ళిపోయాడు.

పొద్దున గుడ్డ తీసింది అర్బాబే. తీసి ముందుకి జరిగాడు. తర్వాత వేలు చూపించాడు. "ఇదేమిటి?"

ముదీర్ మొహం మాడిపోయింది. "ఎవడు చేశాడిది?" అని అరిచాడు.

అంజిబాబు వంగి మరకని చూశాడు. అంచులు తిన్నగా, కొలిచి లాగినట్టున్నాయి. ఆ షెడ్డులో బల్లపరుపు కుంచెని అలా లాగగలిగిన చెయ్యి ఒక్కటే. అతను అమీర్ జాన్ వైపు ఒక్కసారి చూశాడు. చూసి చేతులు కట్టుకున్నాడు.

"నేనేనండి. తొందరలో పొరపాటైపోయిందండి."

అమీర్ జాన్ ప్రాణం లేచొచ్చింది. అది ఒక్క క్షణమే. వెంటనే కింద నుంచి మంట ఎగదన్నింది. బొమ్మా వీడిదే, పేరూ వీడిదే. ఇప్పుడు మంచితనం కూడా వీడి ఖాతాలోకేనా? ముసలాయన అప్పుడే అంజిబాబు వైపు జాలిగా చూస్తున్నాడు. ఆ చూపుని భరించడం అమీర్ జాన్ వల్ల కాలేదు.

"ఝూట్!" అని గట్టిగా అరిచాడు. "వీడు అబద్ధాలకోరు. వేసింది నేను!"

అందరూ తిరిగారు. అది నిజాయితీ అనుకున్నవాళ్ళు అనుకోవచ్చు. అది కుళ్ళు. వచ్చిన మేలుని కూడా పగవాడి చేతి మీదుగా పుచ్చుకోలేని శుద్ధమైన కుళ్ళు.

"ఎందుకు వేశావు?" అన్నాడు అర్బాబ్.

"ఖాళీగా ఉండింది. పని మిగిలిపోయిందనుకున్న."

అర్బాబ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఒకడు చేయని తప్పు చేశానంటాడు. ఇంకొకడు తప్పు నాదే అని గుంజుకుంటాడు. నేను కోర్టు పెట్టుకోలేదు, విల్లాలమ్మే ఆఫీసు పెట్టుకున్నాను. ఈద్ దాటాక తెరుస్తాం. మళ్ళీ వేయండి. పేరు ఒక్కటే ఉండాలి, ఎవరిదో మీరే తేల్చుకోండి. అరబ్బీలో రాయండి, నేను చదవాలి. యల్లా," అని వెళ్ళిపోయాడు.

ఆయన కారు కదిలాక ముదీర్ మలయాళంలో ఏం తిట్టాడో అమీర్ జాన్‌కి అర్థం కాలేదు. అర్థమైనంత వరకూ చాలు.

కొత్త కాగితం బిగించారు. రెండు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. మూడో రోజు అమీర్ జాన్ ఉండబట్టలేకపోయాడు.

"నిన్నొకటి అడగల్ల. అంత కాగితం ఖాళీగా వదిలేస్తే ఎవురైనా ఏమనుకుంటారు రా?"

"ఎండ మనం వెయ్యవండి గురువుగారూ. కాగితమే వేస్తుందండి. మనం అడ్డం పడకపోతే సరి."

"అడ్డం పడింది నేనని ఎత్తిపొడుస్తాండావా?"

"ఎత్తిపొడుపు కాదండి. మా తాత కూడా మా నాన్నని అందుకే కొట్టాడండి. దర్బారు తెరకి తెలుపు వేశాడని."

అమీర్ జాన్ మళ్ళీ వంగి గోడలు గీశాడు. గోపురం దాకా వచ్చాక పెన్సిలు ఆగింది. కాస్త ఆలోచించి, రెండిళ్ళు ఎడమకి జరిపి గీశాడు. అంజిబాబు చూశాడు.

"ఏం చూస్తాండావ్? పెన్సిలు జారింది," అన్నాడు అమీర్ జాన్.

ఈసారి బొమ్మ మొదటిదానికన్నా బాగా వచ్చింది. ఉదయం నిజంగానే కాగితంలోంచి వచ్చింది. విల్లాలు నీళ్ళలో తలకిందులుగా వణుకుతున్నాయి, కట్టకముందే పాతబడ్డ ఇళ్ళలా. అతుకు కోసం అమీర్ జాన్ ఇక వెతకలేదు. దొరకదని తెలిసిపోయింది.

చివరికి మూల మిగిలింది. అంజిబాబు సన్నటి కుంచె తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదండి. నా పేరు మీరే రాసి పెట్టాలండి," అని రంగు గిన్నెలు కడగడానికి వెనక్కి వెళ్ళిపోయాడు. రాస్తుంటే పక్కన నిలబడను కూడా లేదు.

నా పేరు, అన్నాడు! తేల్చుకోమన్నది ఇద్దర్నీ. వీడు తేల్చేసుకున్నాడు, అంత తేలిగ్గా, నీళ్ళు తాగినంత తేలిగ్గా. అమీర్ జాన్ మూల మీదికి వంగాడు. ఇక్కడ తన పేరు రాస్తే వీడికి తెలీను కూడా తెలీదు. ముదీర్ చదవలేడు. అర్బాబ్ చదువుతాడు, గురువు పేరు వేసుకున్నారు కాబోలు అనుకుంటాడు. వీడు పిలిచేది గురువుగారనే కదా! విల్లాలు కొనేవాళ్ళంతా వచ్చి, వంగి, 'అమీర్ జాన్' అని చదువుతారు.

చదివాక ఏం చేస్తారు? తలెత్తి బొమ్మ చూస్తారు. ఆ మెట్లు చూస్తారు, ఆ కమాను చూస్తారు, ఆ ఎండ చూస్తారు. ఆహా అమీర్ జాన్ అంటారు. అన్న ప్రతిసారీ ఆ ఆహా వెళ్ళి చేరేది అంజిబాబుకే. ఈ సంగతి ప్రపంచంలో ఒక్కడికే తెలుస్తుంది. ఆ ఒక్కడూ తనే.

ఈ లెక్క తేలేసరికి కుంచె గిన్నె మీదే ఆగిపోయింది. ఇంతకాలం తన పేరు ఏ మూలనా లేకపోవడమే నరకం అనుకున్నాడు. ఇది దానికన్నా లోతు నరకం.

కుంచె ముంచాడు. అంజిబాబు పేరే రాశాడు. అయితే ఊరికే రాయలేదు. మదర్సాలో ఉస్తాద్ బెత్తం పట్టుకుని నేర్పిన ఒంపులన్నీ, షార్జా లాండ్రీల మీద వృథా అయిన ఒంపులన్నీ తెచ్చి ఆ బెత్తెడు జాగాలో పోశాడు. అలిఫ్ అక్షరం కత్తిలా నిలబడింది. చుక్కలు ముత్యాల్లా పడ్డాయి. చూసినవాడి కన్ను ముందు ఈ మూల మీద పడాలి. పడి, అక్కణ్ణుంచి లేవకూడదు. మేడలు, మెట్లు తర్వాత.

ఈద్ అయ్యాక ఇద్దరూ పికప్‌లో బొమ్మ తీసుకెళ్ళి అర్బాబ్ ఆఫీసులో గోడకి తగిలించారు. ముసలాయన ముందు బొమ్మే చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మూలకి వంగి, "అంజీ బాబూ," అని చదివాడు. చదివి వెళ్ళి అంజిబాబు చెయ్యి పట్టుకుని ఊపాడు. భుజం తట్టాడు. ఖర్జూరాలు తెప్పించాడు. అక్షరాల గురించి ఒక్క మాట అంటాడేమోనని అమీర్ జాన్ ఖర్జూరం నోట్లో పెట్టుకోకుండా నిలబడ్డాడు. అనలేదు. అక్షరం బాగుంటే పేరు చదువుకుంటారు, చదివాక అక్షరాన్ని ఎవడు చూస్తాడు? బోర్డులు రాసేవాడికి ఇది తెలియని సంగతి కాదు.

తిరుగు దారిలో అమీర్ జాన్ బండి నడుపుతున్నాడు. రోడ్డుకి రెండు వైపులా లేని ఇళ్ళ బొమ్మలు, మిషను కొట్టిన ఫ్లెక్సులు, వరసగా వెనక్కి పోతున్నాయి. అంజిబాబు వాటిని చూస్తూ మెల్లగా అన్నాడు.

"గురువుగారూ, ఓ మాటండి. నాకు చదవడం రాదు గానీండి, అందరూ బొమ్మ చూస్తుంటే నేను ఆ మూలే చూశానండి. నా పేరు అంత అందంగా ఉంటదని నాకు తెలీదండి. మా అమ్మ పెట్టినప్పుడు కూడా అంత బాగా లేదండి."

ఆ మాటకి సంతోషపడాలో, తలుపు తీసి వీణ్ణి బయటికి తొయ్యాలో అమీర్ జాన్‌కి తోచలేదు. ఇన్నేళ్ళలో తన అక్షరాన్ని అక్షరంగా చూసినవాడు ఒకడు దొరికాడు. దొరికి దొరికి వీడా!

"నోరు మూసుకుని రోడ్డు చూడు," అన్నాడు.

"బండి నడిపేది మీరు కదండీ?"

"అయినా నువ్వే చూడు," అన్నాడు అమీర్ జాన్, కళ్ళు తుడుచుకుంటూ.